హసంతి - పడకటింటి కుంపటి



అమరకోశము వల్లించినవారికి ద్వితీయకాండలోని వైశ్యవర్గమున నొక చిన్న మాటల గుంపు జ్ఞప్తియందుండవచ్చును. అంగారధానిక, అంగారశకటి, హసంతి, హసని అను నీ పేళ్ళన్నియు నొక్క వస్తువునకే చెల్లును. ఆ వస్తువు మన కుంపటి. అంగారములనగా నిప్పుకలు. వానిని ధరించునది అంగారధానిక. వానిని మోయు బండి అంగారశకటి. ఇక హసంతి యనగా నవ్వుచున్నది. చీకటి గదిలో నొక మూల నిప్పుకలు కణకణలాడుచున్నప్పుడు చూచినవారికి ఆ పేరెందుకు వచ్చెనో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇత్తడి పాత్ర నోరు తెఱచి నవ్వుచున్నట్లే యుండును. నేను బడిలో నీ మాట చెప్పినపుడు పూర్వపు పిల్లలకు కుంపటి తెలియును గాని హసంతి తెలియకుండెడిది. నా ఉద్యోగము ముగియునాటి పిల్లలకు రెండును తెలియవయ్యెను.

కుంపట్లు పలు విధములు. వంట కుంపటి వేఱు, కంసాలి కుంపటి వేఱు. ఈ దినము నేను మనవి చేయదలచినది పడకటింటి కుంపటిని గూర్చి. అనగా మంచము క్రిందను, మంచము ప్రక్కను ఉంచి పడకను వెచ్చజేయుటకై వాడుచు వచ్చిన లోహపాత్రను గూర్చి.

అనంతపురము ఎండల సీమ గదా, ఇచ్చట పడకను వెచ్చజేయు పాత్రతో పనియేమని కోస్తావారు నన్నడిగియున్నారు. వారి ప్రశ్న సహజమే. మన సీమకు సాలీనా కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి కనుమలు నైరృతి మేఘములను తామే పిండుకొని మనకు పొడిగాలిని పంపును. అయితే ఎండను తీవ్రము చేయు నా పొడిగాలియే రాత్రి చలిని గూడ తెచ్చును. ఆకాశమున మబ్బును, గాలిలో తేమయు తక్కువైనచో పగలు నేల త్రాగిన వేడి రాత్రి త్వరగా పైకి పోవును. మబ్బు భూమికి దుప్పటి వంటిది. మనకు ఆ దుప్పటి లేదు. పైగా మనది పీఠభూమి. అనంతపురము పట్టణము సముద్రమట్టమునకు ఇంచుమించు 1,100 అడుగుల ఎత్తున నున్నది. హిందూపురము, మడకశిర 2,000 అడుగులకు పైననే యున్నవి. 2022లో జిల్లాను చీల్చి ఆ తావులను శ్రీ సత్యసాయి జిల్లాలో చేర్చిరి గాని, చలికి ఆ గీత తెలియదు. పుష్యమాసపు తెల్లవారుజామున బయట పండుకొన్న కాపలాదారు నడిగినచో మన సీమ చలి యెట్టిదో చెప్పగలడు.

ఆ కాపలాదారునకు కుంపటి లేదు, కంబళి కలదు. కురుబలు నల్లగొఱ్ఱెల ఉన్నితో నేసిన ముతక కంబళియే మన సీమలో సామాన్యుని పడకను వెచ్చగా నుంచెను. ఇందలి సూక్ష్మమును గమనింపుడు. కంబళి తనంతట తాను వేడి నీయదు. దాని పోగుల నడుమ చిక్కుకొన్న గాలి మన ఒంటివేడిని బయటికి పోనీయదు, అంతియే. కావున ఒంటిలో వేడి పుట్టించుకొను శక్తి గలవానికి కంబళి చాలును. ఆ శక్తి చాలనివారికే కుంపటి కావలసివచ్చెను. ఎవరు వారు? బాలింత, పసికందు, వడకు జ్వరమున పడి లేచినవాడు, డెబ్బదియెనుబది యేండ్ల ముదుసలి.

మన యిండ్లలో నీ కుంపటి మూడు రూపములలో నుండెడిది. బీదలకు మట్టిది. నడితరమువారికి ఇనుప రేకుతో చేసినది: మూడు కాళ్ళు, పట్టుకొనుటకు రెండు చెవులు, నడుమ చిల్లుల పళ్ళెము, క్రింద గాలి చొచ్చుటకొక నోరు. కలిగినవారికి కంచరివాని చేతి ఇత్తడిది. దానికి కొన్ని యిండ్లలో చిల్లుల మూతయు నుండెడిది. నులక త్రాళ్ళపైకిని, వ్రేలాడు దుప్పటి కొసపైకిని నిప్పురవ్వ ఎగురకుండుటకై ఆ మూత. అడుగున రెండంగుళముల మందమున బూడిద పఱచి దానిపై నిప్పుకలుంచెడివారు. బూడిద వేడిని త్వరగా జాఱనీయదు గనుక నేలయు కాలదు, పాత్ర యడుగును చెడదు. మీ అటకమీద నట్టి యిత్తడి కుంపటి యున్నచో, పాత సామానుల వానికి తూకమునకు వేయకుండుడని నా విన్నపము. ఆ కాళ్ళను అతికిన నేర్పు ఈనాడు డబ్బిచ్చినను దొరకుట దుర్లభము.

ఈ యాచారము శాస్త్రమున లేని మూఢత్వమని కొందఱు చదువుకొన్నవారు తోసివేయుదురు. అట్లనుట తొందరపాటు. చరకసంహిత సూత్రస్థానమున పదునాలుగవ అధ్యాయము స్వేదాధ్యాయము. అందు చెమట పట్టించు చికిత్సలు పదుమూడు విధములుగా చెప్పబడినవి. వానిలో కర్షూస్వేదమనగా శయ్య క్రింద ఇరుకు మూతిగల గుంటను త్రవ్వి, దానిని నిప్పుకలతో నింపి, పైన రోగిని పరుండబెట్టుట. కుటీస్వేదమనగా కిటికీలు లేని గుండ్రని గుడిసెను దళసరి గోడలతో కట్టి, నడుమ శయ్య నమర్చి, చుట్టును నిప్పుకలు నింపిన హసంతికలను పేర్చుట. మన అమరకోశపు మాటయే అక్కడను వినబడుచున్నది. మఱి రెండు విధములలో పశువుల పేడను కాల్చి, ఆ వేడిమీద శయ్య వేయుదురు. అనగా మంచము క్రింద నిప్పుంచుట మన అవ్వలు కల్పించుకొన్న పని కాదు. దానికి రెండువేల యేండ్ల నాటి వైద్యశాస్త్రపు వేరు గలదు.

అయితే ఆ గ్రంథమును శ్రద్ధగా చదివినవారికి రెండు సంగతులు కనబడును. నిప్పుకలు విధూమములై యుండవలెనని, అనగా పొగ పూర్తిగా పోయినవై యుండవలెనని ఆచార్యుడు పట్టుబట్టి చెప్పును. ఇది మొదటిది. రెండవది, స్వేదము చికిత్సయే గాని నిద్ర కాదు. వైద్యుడు దగ్గఱ నుండును; చలియు నొప్పియు తగ్గి, చెమట పట్టగానే ఆపవలెను. ఎవరికి స్వేదము చేయరాదో వారి పట్టికయు అక్కడనే యున్నది. మన యిండ్లలో మొదటి నియమము నిలిచినది, రెండవది జాఱిపోయినది. పొగ లేకుండ చూచుకొనుట ప్రతి యవ్వకును తెలియును. నిప్పును సకాలమున బయటికి తీయవలెనన్న మాట మాత్రము మఱుగున పడినది.

ఇంగ్లండు దేశపు పాత్రను చూచినచో నీ భేదము మఱింత తేటపడును. అచ్చట పూర్వము పడకను వెచ్చజేయుటకు రాగితోనో ఇత్తడితోనో చేసిన మూతగల పళ్ళెముండెడిది. దానికి పొడుగైన కఱ్ఱపిడి. పొయ్యిలోని నిప్పుకలను అందులో వేసి, మూత పెట్టి, పఱచిన దుప్పట్ల నడుమ ఇస్త్రీ త్రిప్పినట్లు అటునిటు త్రిప్పి, పడక వెచ్చబడగానే తీసివేసెడివారు. మనిషి పండుకొనుట ఆ తరువాతనే. ఈ పళ్ళెము చరిత్రకు గూడ నెక్కినది. 1688వ సంవత్సరము జూను నెలలో రెండవ జేమ్సు రాజునకు కుమారుడు కలిగెను. ఆ బిడ్డ రాణి కన్నబిడ్డ కాదనియు, ఎవరి శిశువునో పడక వెచ్చజేయు పళ్ళెములో దాచి ప్రసూతిగృహమునకు చేర్చిరనియు శత్రువులు పుకారు పుట్టించిరి. ఆ పుకారును రాజు ఎన్ని సాక్ష్యములతో ఖండించినను అది చావలేదు. ఆ యేటి చివరకే రాజు దేశము విడిచి పాఱిపోయెను. రాజ్యము పోవుటకు కారణములు పెక్కు గలవు గాని, అపనిందకు వాహనమైనది మాత్రము ఇంటిలోని పళ్ళెము.

కాశ్మీరమున మఱియొక రీతి. అచ్చట కాంగ్డీ యను మట్టిపిడత నొక బుట్టలో నమర్చి, నిప్పుకలు నింపి, పొడుగు అంగీలోపల కడుపునకు దగ్గఱగా పట్టుకొని తిరుగుదురు. ఏండ్ల తరబడి ఆ వేడి తగిలిన పొట్టమీదను, తొడలమీదను చర్మము కమిలి పుండై కొందఱికి రాచపుండుగా మాఱుచుండుటను ఎల్మ్‌స్లీ యను వైద్యుడు 1866లో ప్రకటించెను. నిప్పును ఒంటికి అంటిపెట్టుకొన్నవారికి వచ్చిన చేటు అది. మనము నిప్పును ఒంటికి అంటిపెట్టుకొనలేదు, గదిలో మూసిపెట్టుకొన్నాము. మనకు రాదగిన చేటు వేఱు. అది కంటికి కనబడదు.

ఆ చేటును కొంచెము నిదానముగా వివరింతును. బొగ్గు గాలి నిండుగా తగిలి కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. గాలి చాలక కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను మఱియొక వాయువు పుట్టును. పేరు క్రొత్తదైనను దానిని మీరందఱును చూచియున్నారు. కుంపటిని రగిల్చి విసనకఱ్ఱతో విసరినపుడు ఎఱ్ఱని బొగ్గులపైన చిన్న నీలిమంట ఆడును గదా, ఆ నీలిమంట యీ వాయువు కాలుటయే. అది మండుచున్నంతసేపు వాయువు చాలవఱకు కాలిపోవును. మంట ఆగి, నిప్పుకలు బూడిద కప్పుకొని నివుఱుగప్పిన నిప్పైనప్పుడు ఆ వాయువు కాలక గదిలోనికి వచ్చును. మనము కుంపటిని మంచము క్రిందికి జరుపునది సరిగా నప్పుడే. పొగ పోయినది, నిప్పు నెమ్మదించినది అనుకొని జరుపుదుము.

ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు, కన్ను మండదు, దగ్గు రాదు. పొగ అట్లు కాదు. పొగ మొఱటు చుట్టము వంటిది. వచ్చెనన్న సంగతి ఇంటిల్లిపాదికిని తెలియును. విధూమమైన నిప్పు చప్పుడు లేకుండ వచ్చు దొంగ. మనము పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒడలంతటికి మోయునది రక్తములోని ఎఱ్ఱని పదార్థము. దానిని హీమోగ్లోబిన్ అందురు. ఈ విషవాయువు ఆ పదార్థమును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. బండి యున్నది, ఎద్దులున్నవి, కాని బండిలో పరుల సరకు నిండియున్నది. మన ధాన్యమునకు చోటు లేదు. మొదట తలనొప్పి, పిదప తల తిరుగుట, వాంతి, కాళ్ళు తేలిపోవుట, మగత. నిద్రలో నున్నవానికి ఈ గుఱుతులేవియు తెలియవు. నిద్రయే మఱింత గాఢమగును. కాన్పులో రక్తము పోయి పాలిపోయిన బాలింతకును, నిమిషమునకు పలుమాఱులు ఊపిరి తీయు పసికందునకును ఈ విషము త్వరగా నెక్కును. ఎవరి మేలునకై కుంపటి పెట్టితిమో వారే ముందుగా దానికి లోబడుదురు.

అట్లయిన మన పూర్వు లెట్లు బ్రదికిరి? ఈ ప్రశ్న న్యాయమైనదే. వారిలో నెందఱు నిద్రలోనే పోయిరో, ఎందఱు శిశువుల చావు గ్రహచారమునకు కట్టబడెనో లెక్క వ్రాసినవారు లేరు. అయినను వారికొక రక్ష యుండెను. అది కుంపటిలో లేదు, ఇంటిలో నున్నది. మన పాత మిద్దెను తలంచుకొనుడు. రాతి గోడలు, దూలములు, పైన చౌడుమన్ను, నడుమ వెలుతురునకై గవాచి. తలుపు చెక్కల సందున చేయి దూర్పవచ్చును. వేడెక్కిన గాలి తనతో ఆ వాయువును తీసికొని గవాచి గుండ పైకి పోయెడిది. తలుపు సందున క్రొత్త గాలి వచ్చెడిది. ఇప్పుడు సిమెంటు కప్పు వచ్చినది, గవాచి పోయినది. కిటికీకి అద్దము బిగించితిమి, దోమలకని దానిని మూసితిమి. తలుపు క్రింది సందున బాలింతకు గాలి సోకునని గుడ్డలు కుక్కితిమి. పాత్ర పాతది, గది క్రొత్తది. ఈ రెంటికిని పొత్తు కుదురదు.

మా యూరిలో నొక యింట కొన్నియేండ్ల క్రిందట జరిగిన సంగతి చెప్పెదను. క్రొత్తగా కట్టిన గదిలో పదునొకండు దినముల బాలింతను పరుండబెట్టి, చలి యెక్కువగా నున్నదని మంచము క్రింద కుంపటి నుంచి తలుపు బిగించిరి. తెల్లవారి పాలు త్రావుటకు బిడ్డ లేవలేదు. తల్లి లేచి రెండడుగులు వేసి గోడను పట్టుకొని కూలబడెను. ఇంటివారు దృష్టి తగిలినదని ఉప్పు మిరపకాయలు దిగదుడిచి, ఆ పొగయు గదిలోనే వేసిరి. నన్ను పిలిచినది ముహూర్తమేదైన చెడినదా యని అడుగుటకు. గుమ్మమున నిలిచి చూడగా కుంపటి కనబడెను. తల్లిని, బిడ్డను వేపచెట్టు క్రిందికి మోయించి, బండి కట్టించి ఆసుపత్రికి పంపితిమి. అక్కడ ప్రాణవాయువు పట్టిరి. ఇద్దఱును బ్రదికిరి, ఆ పిల్ల ఇప్పుడు బడికి పోవుచున్నది. ఆ యింటి అవ్వ మాత్రము చాల దినములు నమ్మలేదు. "పొగ యాడుండె అయివారూ? బాగా కణకణమని కాలినంకనే గదా లోపల పెట్టింటిమి" అని నన్ను నిలదీసెను. ఆమె తప్పేమియు లేదు. చరకుడు చెప్పినంతవఱకు ఆమెయు చేసెను. పొగ లేకుండుటయు, విషము లేకుండుటయు ఒకటి కాదని చెప్పవలసినది చదువుకొన్న మనము.

ఇది పల్లెల అజ్ఞానమని నగరవాసులు నవ్వవలదు. ఎమీల్ జోలా యను జగత్ప్రసిద్ధుడైన ఫ్రెంచి నవలాకారుడు 1902వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీని పారిసు నగరమున తన పడకగదిలో నీ వాయువుచేతనే మరణించెను. పొగగొట్టము మూసికొనిపోయినది, కిటికీలు బిగించియున్నవి. రాత్రి తల తిరిగి లేచెను గాని తెల్లవాఱువఱకు ఎవరును చూడలేదు. ప్రక్కనే యున్న భార్య ఎట్లో బ్రదికెను. విద్య యంతయు నున్నవాని కొక గవాచి లేకపోయెను.

హిందూపురము, మడకశిర ప్రాంతముల పట్టురైతులకు ప్రత్యేకముగా నొక మాట. చాకీ దశలో పట్టుపురుగులకు 27, 28 డిగ్రీల వేడి కావలెను. శీతకాలమున అందుకై షెడ్డులో బొగ్గుల కుంపట్లుంచుట కలదు. పురుగులను కనిపెట్టుటకై మనిషి అందులోనే పండుకొనరాదు. వేడి చూచుకొని బయటికి వచ్చి, మఱల గాలి యాడిన పిదప లోనికి పోవలెను. పురుగునకును గాలి కావలసినదే గదా.

మఱి బాలింతకు వెచ్చదనము వలదా? తప్పక కావలెను. ఆచారము కోరునది వెచ్చదనమును, కుంపటిని గాదు. మన యింటనే మఱియొక లోహపాత్ర కలదు. అది మరచెంబు. పూర్వము ప్రయాణములకు త్రాగునీరు మోసిన ఆ యిత్తడి చెంబు, మూత మరలు చెడకుండ బిగియునదైనచో, పడకకు కుంపటికంటె మేలు. సమానమైన తూకమున నీరు ఇత్తడికంటె పదునొకండు రెట్ల వేడిని తనలో దాచుకొనును. కిలో తూకపు చెంబులో రెండు లీటర్ల నీరు పోసినచో, ఆ వేడిలో లోహమున నుండునది ఇరువదియవ వంతైనను కాదు, తక్కినదంతయు నీటిదే. నీరు సలసల కాగినది కాక, కొంచెము ఆఱినది పోసి, కంఠము దగ్గఱ కొంత చోటు విడిచి, మూత బిగించి, తలక్రిందులుగా పట్టి కాఱుటలేదని చూచి, పాత పంచెను నాలుగైదు మడతలు చుట్టి కాళ్ళవైపు పడకలో నుంచవలెను. ఇత్తడి వేడిని తటాలున విడుచును. గుడ్డ దానికి కళ్ళెము. మధుమేహముచేత కాళ్ళ స్పర్శ తగ్గినవారికి ఒళ్ళు కాలినను తెలియదు గనుక, వారు పండుకొనక ముందే దానిని తీసివేయుడు. పసిబిడ్డ పడకలో చెంబు నుంచనే వలదు. పడక వెచ్చబడిన పిదప చెంబును తీసి బిడ్డను పరుండబెట్టుడు.

బిడ్డకు దీనికంటెను మంచి వెచ్చదనము కలదు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున ఎడ్గార్ రే అను వైద్యుడు, నెలలు నిండక పుట్టిన శిశువులను తల్లి ఱొమ్మునకు నేరుగా చర్మము తగులునట్లు కట్టి యుంచు పద్ధతిని ప్రారంభించెను. నేడు దానిని మన ఆసుపత్రులలోను నేర్పుచున్నారు. తల్లి ఒంటివేడి, తలకొక టోపీ, ఇద్దఱిపైన నొక కంబళి. గొఱ్ఱెల కాపరి చలి కాచుకొనిన విధమే యిదియు. స్నానానంతరము బిడ్డను బుట్టక్రింద సాంబ్రాణి ధూపమునకు పట్టుటను గూడ మానుట మంచిది. లేత ఊపిరితిత్తులకు సుగంధమైనను పొగ పొగయే. మెత్తని పొడిబట్ట చాలును.

ఎవరైన మూసిన గదిలో కుంపటి దగ్గఱ మగతగా పడియున్నచో ముందు తలుపులు కిటికీలు బార్లా తెఱచి, మనిషిని ఆరుబయటికి మోయవలెను. మజ్జిగయు, ఉల్లిపాయయు తరువాత. 108కి ఫోను చేయుడు. కొంచెము తేఱుకొన్నను ఆసుపత్రికి పోవలెను. అక్కడ వైద్యునితో "గదిలో బొగ్గుల కుంపటి యుండెను" అను మాటను మఱవక చెప్పవలెను. ఆ యొక్క మాటతో చికిత్స దారి తెలియును.

కుంపటిని పాఱవేయుమని నేననను. మా యింటిది నడవలోనే యున్నది. పుష్యమాసపు సాయంకాలమున దానిని వాకిట పెట్టి, నలుగురము చుట్టును కూర్చుండి, పచ్చి వేరుసెనగ కాయలు కాల్చుకొని తినుట మాకు నేటికిని కలదు. పండుకొనబోవునప్పుడు మాత్రము దానిని లోనికి తేము. పైకి చల్లాఱినట్లున్న బూడిదలో నిప్పు తెల్లవాఱువఱకు బ్రదికి యుండును గనుక, పుల్లతో అడుగుదాక గెలికి, నీళ్ళు చల్లి, చుఱ్ఱుమను చప్పుడు పూర్తిగా ఆగిన పిదప తలుపు వేసికొందుము.